అతుకుల ఆకాశం

“తప్పు పట్టండి చూద్దాం,” అంటూ ఇన్‌స్పెక్టర్ ఆ ఫోటోను బల్ల మీద ముందుకు జరిపాడు. “ఎర్ర పెన్ను తెచ్చుకున్నారా టీచర్?”

“తెచ్చాను. సగం సిరా నీ డ్రాయింగ్ పుస్తకానికే అయిపోయింది. మిగిలిన సగంతో ఎలాగో నెట్టుకొస్తున్నాను.”

మూల కూర్చున్న కానిస్టేబుల్ నవ్వు రాకుండా దగ్గాడు.

ముప్పై ఏళ్ళు బడిలో డ్రాయింగ్ నేర్పి, రిటైరయ్యాక ఇంటి ముందు ‘డిటెక్టివ్’ అని బోర్డు పెట్టుకున్న మనిషి ఆవిడ. కేసు తెచ్చేవాళ్ళకీ, కేసు చేజారిన వాళ్ళకీ కూడా ఆవిడ టీచరే. ఇన్‌స్పెక్టర్ ఎనిమిదో తరగతిలో ఆవిడ దగ్గర నూటికి ముప్పై రెండు తెచ్చుకుని డ్రాయింగ్ తప్పాడు. ఆ సంగతి ఇద్దరిలో ఎవరూ మర్చిపోలేదు.

గోడ గడియారంలో రెండూ పది. నాలుగింటికి లాకప్‌లో ఉన్న కుర్రాణ్ణి కోర్టులో హాజరుపరుస్తారు. హత్యానేరం.

నాలుగు రోజుల కిందట ఫోటో స్టూడియో యజమాని తన మూడంతస్తుల భవనం పైకప్పు నుంచి కింద పడి చనిపోయాడు. చేతి గడియారం పగిలి, అయిదూ ముప్పై మూడు దగ్గర ఆగింది. అయిదు నిమిషాల తర్వాత మెట్ల మీద ఆయన మేనల్లుడు దొరికాడు, వానలో తడిసి, వణుకుతూ. ఆ మధ్యాహ్నమే మామతో పెద్ద గొడవ పడ్డాడు. అప్పటినుంచి నోరు విప్పలేదు. నేను చేశాననడు, చెయ్యలేదనడు. అతని భార్యే టీచర్ని వెతుక్కుంటూ వచ్చింది. ఇప్పుడు బయట బల్ల మీద, కట్టు కట్టిన కుడి మణికట్టు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.

“ఆ భవనంలో పైకప్పు తాళంచెవి ఉన్నది ముగ్గురికి,” అంది టీచర్. “పోయినాయనకి, మేనల్లుడికి, అక్కడే ఫోటోల్లో ఆకాశాలు మార్చే మబ్బుల మాస్టారికి. మాస్టారి మీద నీకు అనుమానమే రాలేదా?”

“వచ్చింది. ఆయన తీసిన ఈ ఫోటోతో పోయింది.”

చెరువు. నీళ్ళలోకి సాగిన చెక్కవంతెన. దాని మీద ఎవరూ లేరు. పైన కమిలిన దెబ్బ రంగులో మబ్బులు ఒకదాని మీద ఒకటి ఎక్కి కూర్చున్నాయి. ఆ మబ్బుల్ని నిలువునా చీల్చుకుంటూ ఒక మెరుపు.

“చెరువు స్టూడియోకి పన్నెండు కిలోమీటర్లు,” అన్నాడు ఇన్‌స్పెక్టర్. “ఫైలు మీద టైము మార్చొచ్చని నాకూ తెలుసు. కానీ పిడుగు టైము ఎవడు మారుస్తాడు? ఈ నెల మొత్తంలో మబ్బు పట్టింది ఆ ఒక్క సాయంత్రం. పడింది ఒకే ఒక్క పిడుగు. వాతావరణ ఆఫీసు కాగితం ఇదిగో, అయిదూ ముప్పై మూడు. అంటే అక్కడ యజమాని పడుతున్నప్పుడు మాస్టారు ఇక్కడ వంతెన ముందు నిలబడి ఉన్నాడు.”

“అంటే ఆ మబ్బు ఆ రోజుదేనని నువ్వు ఒప్పుకుంటున్నావు.”

“ఒప్పుకోవడం ఏమిటి, రాసి సంతకం పెట్టాను.”

టీచర్ భూతద్దంతో ఫోటో అంతా గాలించింది. మబ్బు పట్టినప్పుడు నేల మీద నిక్కచ్చి నీడలుండవు. ఇందులో లేవు. ఆకాశం మారిస్తే నీళ్ళలో ప్రతిబింబం పాతదే మిగిలిపోతుంది. ఇందులో మెరుపు సహా తలకిందులుగా ఉంది. వంతెన గుంజలు ఎడమవైపు తెల్లగా ఉన్నాయి. మబ్బుల వెనక వెలుగూ ఎడమవైపే ఉంది.

“తొంభై అయిదు మార్కులు వేస్తాను,” అంది లేస్తూ.

“మిగతా అయిదు?”

“అవి ఎక్కడ పోయాయో చూడ్డానికే స్టూడియోకి వెళ్తున్నాను. నువ్వూ రా, నాలుగింటిలోపల నీకు ఇంకేం పని?”

*

రెండూ ముప్పైకి స్టూడియో మూడో అంతస్తులో అడుగుపెట్టగానే రంపం చప్పుడు పలకరించింది. మొదటి గదిలో ఫ్రేములు చేసే ఆయన ఇనుప పట్టీ కోస్తున్నాడు. అరవై దాటిన మనిషి, మోచేతుల దాకా రజను.

“మబ్బులాయన కోసమా? పక్క గది,” అన్నాడు తలెత్తకుండానే. “అందరూ ఆయన కోసమే వస్తారు లెండి. ఒకప్పుడు ప్రతి ఫోటోకీ ఫ్రేము కావాలనేవాళ్ళు. ఇప్పుడు ఆయన మబ్బుల్ని ఫోన్లోనే చూసుకుని మురిసిపోతున్నారు. ఈ గది కూడా వచ్చే నెలనుంచి ఆయనకే ఇస్తానన్నాడు, పోయిన మహానుభావుడు.”

నవ్వుతూనే అన్నాడు. రంపం మళ్ళీ కీచుమంది.

మాస్టారి గది గుమ్మం దగ్గర, వాళ్ళతో పాటే వచ్చిన మేనల్లుడి భార్య, ఆ ఇంటి కోడలుపిల్ల, ఆగిపోయింది. “నేను బయటే ఉంటాను టీచర్ గారూ.”

“ఎందుకమ్మా? నువ్వూ ఈ పనే చేస్తావుగా. నాకు అర్థం కానివి చెబుదువు, రా.”

ఆ అమ్మాయి కూడా ఫోటోలు దిద్దే మనిషే. నడినెత్తిన చుట్టిన జుట్టు ముడిలో, బొమ్మలు దిద్దే పెన్ను అడ్డంగా గుచ్చి ఉంటుంది ఎప్పుడూ. తల దించుకుని లోపలికి వచ్చింది. మాస్టారు ఆమెను ఒక్క క్షణం చూసి, చూపు తెర మీదికి తిప్పుకున్నాడు. టీచర్ ఆ చూపు గమనించింది కానీ అర్థం మాత్రం దొరకలేదు.

సన్నగా, పొడుగ్గా, నలభై అయిదేళ్ళ మనిషి. మోకాలికి పట్టీ. కుర్చీలో కూర్చుంటే చేతులు తప్ప ఏదీ కదలదు.

“మళ్ళీ విచారణా? అంతా ఇన్‌స్పెక్టర్ గారికి చెప్పాను.”

“విచారణ కాదు మాస్టారూ, ట్యూషన్. తుఫాను మబ్బు ఎలా చేస్తారో నాకు నేర్పండి.”

గోడకి ఆనుకున్న ఇన్‌స్పెక్టర్ కళ్ళు మూసుకున్నాడు, ఓర్చుకుంటున్నట్టు. మాస్టారి మొహం మాత్రం విప్పారింది. తన పని గురించి అడిగితే పొంగిపోని పనివాడు ఎక్కడుంటాడు?

ఎండలో వెలిగిపోతున్న ఒక రోడ్డు ఫోటో తెర మీదికి తెచ్చాడు. “లేయర్లు అంటే ఒకదాని మీద ఒకటి పరిచిన గాజు పలకలనుకోండి. అడుగు పలక మీద ఈ రోడ్డు. ముందు పాత ఆకాశాన్ని కత్తిరించి తీసేస్తాం. చెట్టు అంచుల దగ్గర ఓపిక కావాలి, ఆకుల సందుల్లో నీలం మిగిలితే పరువు పోతుంది.” ఆయన చెయ్యి కదిలింది, నీలం మాయమైంది. “ఇప్పుడు కొత్త మబ్బు.”

“చాలా మంది ఇక్కడితో ఆపేస్తారు కదూ?”

“ఆపేస్తారు. అందుకే అవి అతికించిన టోపీల్లా ఉంటాయి. పైన తుఫాను, కింద మిట్టమధ్యాహ్నం! ఆకాశం మార్చగానే సరిపోదు టీచర్ గారూ, నేల కూడా నమ్మాలి.” రోడ్డు మీది పసుపు తగ్గింది, చల్లటి నీలం పాకింది. నీడల అంచులు కరిగిపోయాయి. మబ్బుల్లో నలుపు దిగింది, వాటి మడతల్లో మాత్రం వెలుగు మిగిలింది. చివరికి దూరాన రోడ్డు ఆకాశాన్ని తాకే చోట పల్చగా మసక వేశాడు. ఆరు నిమిషాల్లో, చూస్తున్నవాళ్ళకి వాన వాసన వచ్చేంత పని చేశాడు.

“అమ్మో,” అంది టీచర్, నిజంగానే. “ఈ మబ్బు రోడ్డుకి సరిగ్గా ఎలా కుదిరింది?”

“తిప్పాను. ఈ రోడ్డు మీద వెలుగు కుడివైపునుంచి పడుతోంది. నేను తీసిన మబ్బులో వెలుగు ఎడమవైపు. అద్దంలో చూసినట్టు అటూ ఇటూ మార్చేస్తే సరి.”

“మీరు తీసిన మబ్బేనా? ఇంటర్నెట్‌లో ఉచితంగా బోలెడు దొరుకుతాయట కదా.”

మాస్టారు చెయ్యి ఆగింది. “ఎరువు సొమ్ము ఒంటికి ఆనదు. పద్నాలుగేళ్ళుగా పరాయి ఆకాశం ఒక్కటి వాడలేదు నేను. మబ్బు పడితే పైకి పరిగెత్తి నా మబ్బు నేనే పట్టుకుంటాను.”

“మబ్బులో అక్కర్లేనిది ఏదైనా పడితే? పక్షో, తీగో?”

“మబ్బుకి మబ్బే అతుకు. పక్కనున్న మబ్బునే అద్దుకొచ్చి దాని మీద వేస్తాం. వేరే ఆకాశం ముక్క వేస్తే రంగు కలవదు.”

టీచర్ చేతిసంచిలోంచి చెరువు ఫోటో తీసింది. ఈసారి వంతెననీ నీళ్ళనీ వదిలేసి మబ్బుల్నే చూసింది. ముప్పై ఏళ్ళు, పక్క పిల్లాడి బొమ్మ చూసి గీసిన బొమ్మల్ని పట్టుకున్న కన్ను అది. పిడికిలి లాంటి ఒక చిన్న మబ్బు దగ్గర ఆగింది. ఓ అంగుళం పక్కన మళ్ళీ అదే పిడికిలి. అవే నాలుగు వేళ్ళు, అదే బొటనవేలు.

ఏమీ ఎరగనట్టు లేచింది.

“మాస్టారూ, ఇంకొకటి చేసి ఈ అమ్మాయికి చూపిస్తూ ఉండండి. నేనలా పైకి వెళ్ళి గాలి పీల్చుకుని వస్తాను. తాళంచెవి ఇస్తారా?”

“నేనూ వస్తాను,” అంది కోడలుపిల్ల గబుక్కున.

“కూర్చోమ్మా. చెయ్యి నొప్పితో మెట్లెందుకు?”

*

పైకప్పు మీద మూడూ అయిదు. ఎండ మండిపోతోంది.

“ట్యూషన్ అయిందా టీచర్?” అన్నాడు ఇన్‌స్పెక్టర్. “ఇంక నన్ను వదిలేస్తే కుర్రాణ్ణి కోర్టుకి తీసుకెళ్తాను.”

“ఆయన పడింది ఎక్కడినుంచి?”

పడమటి మూల. మోకాలెత్తు గోడ, దాని మీద ఇనుప పైపు కంచె. పక్కనే నిలువెత్తు పిడుగు కడ్డీ. దాని తల మూడు మొనలుగా చీలింది. కుడి మొన మాత్రం ఎప్పుడో దెబ్బ తగిలి కిందికి వంగింది.

టీచర్ కంచె మీద వేలు పోనిచ్చింది. ఒకచోట కొత్త వెల్డింగ్ మెరుస్తోంది.

“ఇదేమిటి?”

“తోసిన ఊపుకి పైపు విరిగింది. తుప్పు పట్టి ఉంటుంది. మేం చూసుకున్నాక ఇంకెవరూ పడకుండా అతికించేశారు. ఆ ఫ్రేములాయనే, పాపం, అడక్కుండానే మర్నాడు పొద్దున్నే వెల్డింగ్ చేసిచ్చాడు.”

“తుప్పు పట్టి విరిగితే మధ్యలో కొంత రాలిపోతుంది బాబూ. అతుకు ముక్క వెయ్యాలి. ఇక్కడ రెండు కొసలూ ముద్దు పెట్టుకున్నట్టు కలిశాయి.”

“మీరు వెల్డింగ్ కూడా నేర్పారా బడిలో?”

“లేదు. నీలాంటి వాళ్ళు విరగ్గొట్టిన బెంచీలకి చేయించాను.”

ఆవిడ గోడ మీద ఫోటో పరిచి, దాని మీద ట్రేసింగ్ కాగితం వేసి, పెన్సిల్ తీసింది. ఒకే మబ్బు రెండుసార్లు కనిపించిన ప్రతి చోటా అతుకు అంచుని గీసుకుంటూ వెళ్ళింది. గీతలు కలిశాయి. సన్నటి నిలువు గీత. దాని తల మీద మూడు మొనలు, ఒకటి వంగి.

ఇన్‌స్పెక్టర్ మెడ సాచి చూశాడు. కడ్డీ వైపు చూశాడు. మళ్ళీ కాగితం వైపు చూసి, ఊపిరి వదిలి నవ్వాడు.

“భయపెట్టారు టీచర్! మీ బొమ్మలో వంగింది ఎడమ మొన. అక్కడ వంగింది కుడి మొన. ఇది వేరే ఏదో. డ్రాయింగ్ తప్పినవాణ్ణే కానీ, కుడి ఎడమలు తెలుసు.”

టీచర్ ట్రేసింగ్ కాగితాన్ని తిరగేసింది.

దాన్ని కళ్ళ ముందు చాచి పట్టుకుని, ఒక్కో అడుగూ వెనక్కి వేసింది. మెట్ల గది చూరు కిందికి వచ్చాక ఆగింది. “ఇక్కడికి రా. కాగితంలోంచి చూడు.”

అతను వంగి చూశాడు. పెన్సిల్ గీత కడ్డీ మీద, వంగిన మొన వంగిన మొన మీద, ఒరలో కత్తిలా కూర్చున్నాయి.

కాగితం పక్కకి తప్పించి కడ్డీని చూసి, మళ్ళీ కాగితంలోంచి చూశాడు.

“చెరువు ఫోటో ఎప్పటిదో,” అంది టీచర్. “దాని మీది ఆకాశం మాత్రం ఇక్కడినుంచి తీసింది. అక్కడ వెలుగు ఎడమవైపు ఉందని అటూ ఇటూ తిప్పాడు. మబ్బు ఏ రోజుదో, ఎన్నింటిదో నేను చెప్పక్కర్లేదు. నువ్వే రాసి సంతకం పెట్టావు.”

“అంటే అయిదూ ముప్పై మూడుకి మాస్టారి కెమెరా ఇక్కడుంది.” అతను జేబులోంచి ఫోన్ తీశాడు. “టీచర్, వాడు… ఆయన కింద ఉన్నాడు. పదండి.”

“ఆగు. ఇంకో అతుకుంది.”

కడ్డీకి పక్కగా, కంచె మీదుగా పెద్ద అతుకు. దాన్ని గీస్తుంటే ముందు భుజం వచ్చింది. తర్వాత చాచిన చెయ్యి. తర్వాత తల. తల మీద గుండ్రటి ముడి. ముడిలో, అడ్డంగా, ఒక పుల్ల.

పెన్సిల్ ఆగిపోయింది.

ఆ అమ్మాయి గుమ్మం దగ్గర ఎందుకు ఆగిందో, మెట్లెక్కి తమతో ఎందుకు వస్తానందో ఇప్పుడు తెలిసింది. చూసినవాడూ, చూడబడ్డ మనిషీ కింద ఒకే గదిలో ఉన్నారు. తనే స్వయంగా కూర్చోబెట్టి వచ్చింది.

“పరిగెత్తు,” అంది టీచర్.

*

తలుపు తోసేసరికి ఇద్దరూ కూర్చునే ఉన్నారు. ఆ అమ్మాయి ఏడుస్తోంది. తెర మీద వేరే బొమ్మ ఉంది, అతుకులు లేనిది. పైకప్పు, కడ్డీ, మెరుపు, కంచె దగ్గర ఆమె.

ఇన్‌స్పెక్టర్ తలుపు మూసి దానికి ఆనుకుని నిలబడ్డాడు.

“నేనే తోశానని రాసుకోండి,” అందా అమ్మాయి లేచి. “ఆయన్ని వదిలేయండి. నాలుగవకముందే.”

“కూర్చో తల్లీ,” అన్నాడు మాస్టారు నీరసంగా. “నా దగ్గర పని నేర్చుకున్న పిల్ల టీచర్ గారూ. ఆ రోజు చినుకులు పడుతుంటే కెమెరాని చూరు కింద పెట్టి, పది సెకన్లకో ఫోటో తీసుకునేలా అమర్చి, దానికి తొడిగే కవరు కోసం కింద ఈ గదికొచ్చాను. మోకాలి నొప్పి, మెట్లెక్కేసరికి ఆలస్యమైంది. వెళ్ళేసరికి పైన ఎవరూ లేరు. ఇంటికెళ్ళి చూసుకుంటే ఇది. పైన ఉన్నానంటే ఏం చూశావంటారు. అందుకే చెరువు దగ్గర ఉన్నానన్నాను. సాక్ష్యం లేదు కదా, కుర్రాణ్ణి రెండ్రోజుల్లో వదిలేస్తారనుకున్నాను.”

“ఆకాశానికి వేరే ఫోటో వాడొచ్చుగా? ఆమె లేనిది?”

మాస్టారు తల వంచుకున్నాడు. “పిడుగు టైము కావాలి కదా, అందుకని… అదీ అబద్ధమే లెండి. మెరుపు ఈ ఒక్కదాంట్లోనే పడింది. అలాంటి మెరుపుని వదులుకోలేకపోయాను.”

“ఆమె తోసిందని మీరు చూశారా?”

“చెయ్యి చాచి ఉంది కదా. ఎదురుగా ఆయన.”

టీచర్ తెరకి ముక్కు ఆనేంత దగ్గరికి వెళ్ళింది. మెరుపు వెలుగులో, చాచిన చేతికి కొద్ది దూరంలో కంచె అవతలికి ఒరిగిపోతున్న మనిషి, గాలిలో ఆయన చొక్కా చెయ్యి. “ఇన్‌స్పెక్టర్, నన్ను తొయ్యి.”

“ఏమిటి?”

“తొయ్యమన్నాను. తొయ్యడానికి చెయ్యెత్తి ఆపు. చూశావా, అరచెయ్యి విప్పుకుంది, వేళ్ళు నిటారుగా ఉన్నాయి. ఈ పిల్ల వేళ్ళు చూడు, కొక్కెంలా ముడుచుకున్నాయి. చేతులు గియ్యడం ముప్పై ఏళ్ళు నేర్పాను నేను. ఇది తోసే చెయ్యి కాదు, పట్టుకునే చెయ్యి.” ఆవిడ ఆ అమ్మాయి కట్టు మీద మెల్లగా చెయ్యి వేసింది. “పట్టుకున్నావు కూడా. అందుకే మణికట్టు మెలిపడింది.”

ఆ అమ్మాయి ఒక్కసారిగా బద్దలైంది. “జారిపోయారు టీచర్ గారూ. చొక్కా చేతికి దొరికింది, జారిపోయింది. మధ్యాహ్నం గొడవకి సర్దిచెబుదామని వెళ్ళాను. మామయ్యగారు నవ్వుతూనే ఉన్నారు. ‘మాస్టారు రోజూ ఇక్కడ నిలబడి ఏం చూస్తాడో, నేనూ చూస్తానుండు’ అని ఆ పైపు మీద మోచేతులు ఆనించారు. అంతే. మా ఆయన ఎదురొచ్చి, నన్ను చూసి నేనే ఏదో చేశాననుకున్నారు. ‘నువ్వు ఇంటికెళ్ళు, నోరు విప్పకు’ అన్నారు. వాటంతట అవే పడిపోయారంటే నన్నెవరు నమ్ముతారు?”

“ముగ్గురు కలిసి ఒక్క నిజాన్ని దాచారు,” అంది టీచర్. “అదేమిటో ముగ్గురికీ తెలియదు.”

ఇన్‌స్పెక్టర్ ఫోన్ చెవికి పెట్టుకున్నాడు. “కుర్రాణ్ణి తీసుకెళ్ళకండి. అవును, నేనే చెబుతున్నాను. కారణం తర్వాత రాస్తాను.” ఫోన్ దించాడు. మూడూ ఇరవై ఎనిమిది. “అయితే ప్రమాదమన్నమాట. కేసు లేదు.”

“ఇందాక పైన కుడి ఎడమలు గుర్తుపట్టావని మూడు మార్కులు కలిపి ముప్పై అయిదు చేద్దామనుకున్నాను. తొందరపడ్డాను.” టీచర్ తెర అడుగుభాగాన్ని చూపించింది. “మాస్టారూ, ఈ కంచె పెద్దది చెయ్యండి. ఇంకా.”

విరిగి బయటికి తిరిగిన పైపు తెర నిండా పరుచుకుంది. తుప్పు లేదు. చివర గుండ్రంగా, కొత్త నాణెంలా, మెరుపు కాంతికి తళుక్కుమంటోంది. దోసకాయ కోసినట్టు నున్నటి కోత.

“రంపం,” అన్నాడు ఇన్‌స్పెక్టర్ నెమ్మదిగా. “ఎవరో ముందే కోసి ఉంచారు. యజమాని కోసం.”

“యజమాని అక్కడ నిలబడ్డది జీవితంలో ఒక్కసారి, సరదాపడి. ఆయన కోసం ఎవరు కోస్తారు?” ఆవిడ మాస్టారి వైపు తిరిగింది. “మబ్బు పట్టిన ప్రతిసారీ ఆ పైపుకి ఆనుకుని నిలబడేది ఎవరు?”

“నేనే. ఎప్పుడూ అక్కడే…” మాస్టారి చెయ్యి తెలియకుండానే మోకాలి పట్టీ మీదికి వెళ్ళింది. “ఆ రోజు ఈ నొప్పి లేకపోతే…”

“అది ఎవరికి తెలుసు?”

“ఈ అంతస్తులో అందరికీ తెలుసు. నా తాళంచెవి ఉండేదీ ఈ గుమ్మం పక్క మేకుకే.”

“ఇనుము కోసే రంపం ఎవరి దగ్గర ఉంది?”

నలుగురూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. గదిలో ఏదో తక్కువైనట్టు టీచర్‌కి అప్పుడు తట్టింది. వచ్చినప్పటినుంచి గోడ అవతల కీచుమంటూనే ఉన్న రంపం ఇప్పుడు వినబడటం లేదు. ఎప్పుడు ఆగిందో ఎవరూ గమనించలేదు.

ఇన్‌స్పెక్టర్ ఆనుకున్న తలుపు కింద, సన్నటి సందులో వరండా వెలుతురు పడుతోంది. ఆ వెలుతురుకి అడ్డంగా, అంచులు స్పష్టంగా, రెండు పాదాల నీడ కదలకుండా నిలబడి ఉంది.